ఆ హెల్మెట్ ఎవరి తలకు కొన్నది?

ప్రశ్న: మావారికి 36 ఏళ్ళు. రోజూ బైక్ మీదే ఆఫీసుకు వెళ్తారు. హెల్మెట్ ఉంది కానీ అది ట్యాంకు మీదో అద్దానికో ఉంటుంది. పోలీసులు కనిపిస్తే తలకెక్కుతుంది, దాటగానే దిగుతుంది. అడిగితే ఒక్కోసారి ఒక్కో మాట చెబుతారు. "ఈ చట్టం ఫైన్ల కోసం పెట్టింది", "నా తల, నా ఇష్టం", "ఆ బరువుకి మెడ విరుగుతుంది", "వెనక హారన్ వినపడదు", "పది నిమిషాల దూరమేగా" అంటారు. పెట్టుకున్న రోజు మాత్రం పావుగంటకే నుదురు నొప్పి అంటారు. అది మా మరిది కొన్నాళ్ళు వాడి ఇచ్చిన హెల్మెట్. నేను వెనక కూర్చుంటాను, నాకు హెల్మెట్ లేదు. మా ఆరేళ్ళ బాబు ముందు ట్యాంకు మీద కూర్చుంటాడు. మొన్న వాడు "నాన్నా, పోలీసులు లేరుగా, తీసెయ్" అన్నాడు. ఆయన నవ్వారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ విషయం ఎత్తితే చాలు, గొడవే. ఎలా చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీవారు చెప్పే కారణాలన్నీ మీరు ఓపికగా రాశారు. వాటి చివర, పెద్దగా పట్టించుకోకుండా, నుదురు నొప్పి సంగతి రాశారు. నా దృష్టి అక్కడే ఆగింది. మిగతావన్నీ వాదనలు, ఇదొక్కటే ఒంటికి తెలిసిన బాధ. నుదుటిని నొక్కే వస్తువును రోజూ ఎవరు పెట్టుకుంటారు చెప్పండి? ముందు నొప్పి వచ్చిందని, వాదనలు తర్వాత దానికి తోడు చేరాయని నా అనుమానం. మీరు ఇన్నాళ్ళూ వాదనలతో పోట్లాడారు. నొప్పి అలాగే ఉండిపోయింది.

తలలన్నీ ఒక్క ఆకారంలో ఉండవు. కొందరిది గుండ్రం, కొందరిది ముందు నుంచి వెనక్కి కాస్త కోల. కోల తల మీద గుండ్రటి హెల్మెట్ పెడితే నుదుటి దగ్గర, తల వెనక నొక్కుతుంది, పక్కల మాత్రం వదులుగా ఉంటుంది. గుండ్రటి తలకు కోల హెల్మెట్ పెడితే కణతలు నొప్పి పుడతాయి. మీవారిది మొదటి రకం కావచ్చు. ఆ హెల్మెట్ మీ మరిది తలకు కొన్నది. అన్నదమ్ములైనంత మాత్రాన తలలు ఒకేలా ఉండాలని లేదు.

కాబట్టి మొదటి పని ఆయన తల కొలవడం. గుడ్డ టేపు తీసుకుని కనుబొమల పైన, చెవుల మీదుగా, వెనక ఎక్కువ ఉబ్బుగా ఉన్న చోటు నుంచి చుట్టూ కొలవండి. ఆ సెంటీమీటర్ల అంకె సైజు చూపిస్తుంది, కానీ అది సగం పనే. కొనేచోట హెల్మెట్ పెట్టుకుని పది పదిహేను నిమిషాలు ఉండమనండి. సిగ్గుపడొద్దు, ఆ సమయం తీసుకోవాల్సిందే. కొత్త హెల్మెట్ చెంపలను గట్టిగానే పట్టుకోవాలి, మాట్లాడుతుంటే బుగ్గలు లోపలికి నొక్కినట్టు ఉండాలి. అది తప్పు కాదు, మెత్తలు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. నుదుటి మీద ఒకేచోట పొడిచినట్టు నొప్పి ఉంటే మాత్రం అది సర్దుకోదు. వేరే మోడల్ చూడాలి. చేతులతో హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దానితో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్ళు పట్టేంత సందు చాలు. ఆ తర్వాత వెనక అంచు కింద చెయ్యి పెట్టి ముందుకు దొర్లించి చూడండి. ఊడి వచ్చిందంటే అది పడేటప్పుడూ ఊడి వస్తుంది. కళ్ళజోడు ఉంటే అది పెట్టుకునే చూడాలి.

ఆయన సైజు పక్కన పెట్టినా, ఆ పాత హెల్మెట్ గురించి నాకు ఇంకో భయం ఉంది. అది మీ ఇంటికి రాకముందు ఎన్నిసార్లు కింద పడిందో, ఏ దెబ్బ తిన్నదో మీకు తెలుసా?

హెల్మెట్ అనగానే మనం పైన మెరిసే గట్టి డిప్పను చూస్తాం. ప్రాణం కాపాడే పని ఎక్కువగా చేసేది దాని లోపలి పొర. అది మనమంతా థర్మాకోల్ అని పిలిచేదే, కాకపోతే ఇంకా దట్టంగా ఉంటుంది. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఆగి ఉన్న బండి మీద నుంచి ఒరిగి పడినా ఆ ఎత్తు నుంచి తల నేలను తాకే వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. గట్టి రోడ్డు మీద పుర్రె కొద్ది మిల్లీమీటర్లలోనే ఆగిపోవాలి. అదే థర్మాకోల్ అణుగుతూ పోతే తల రెండు మూడు సెంటీమీటర్ల దూరం తీసుకుని ఆగుతుంది. ఆగే దూరం ఎన్ని రెట్లు పెరిగితే తల మీద పడే బలం సుమారుగా అన్ని రెట్లు తగ్గుతుంది. ఆ రెండు మూడు సెంటీమీటర్లే మనిషికీ నేలకూ మధ్య ఉన్న అవకాశం. అయితే అణిగిన థర్మాకోల్ మళ్ళీ పొంగదు. ఒకసారి పని చేసిందంటే అక్కడితో దాని ఆయుష్షు తీరినట్టే. పైన రంగు చెక్కుచెదరకపోయినా సరే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక మలుపులో ఇసుక మీద ముందు చక్రం జారి పడ్డాను. వేగం 30 కూడా లేదు. తల కుడివైపు నేలకు కొట్టుకుంది. మోచెయ్యి గీసుకుపోయింది తప్ప నాకేమీ కాలేదు. హెల్మెట్ మీద చిన్న గీత పడింది, అంతే. నేను కొత్తది కొనుక్కుని పాతదాన్ని తెలిసిన కుర్రాడికి ఇచ్చాను. బాగానే ఉంది కదా, పారేయడమెందుకు అనుకున్నాను. ఏడాది తర్వాత అతను ఉతకడానికి లోపలి గుడ్డ విప్పి నాకు చూపించాడు. కుడివైపు థర్మాకోల్ అరచేతి మేర అణిగిపోయి, సన్నగా పగులు పారి ఉంది. ఏడాది పాటు ఆ పిల్లవాడు దాన్ని నమ్ముకుని తిరిగాడు, నన్ను నమ్ముకుని తిరిగాడు. అతనికి ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా ఆ రోజు నా గుండె ఎలా జారిందో ఇప్పటికీ గుర్తుంది.

అందుకే మీ మరిది ఇచ్చినదాన్ని పక్కన పెట్టండి. దెబ్బ తగలకపోయినా, చాలా కంపెనీలు అయిదేళ్ళ వాడకం తర్వాత మార్చమనే చెబుతాయి. చెమట, ఎండ, తయారీలో వాడిన జిగుళ్ళు కాలక్రమంలో దాన్ని దెబ్బతీస్తాయి. పెట్రోలు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టే అలవాటు మాన్పించడానికి ఇదొక కారణం. కొత్తది కొనేటప్పుడు మీరుండే చోట చట్టం ఒప్పుకునే గుర్తు చూడండి. మన దేశపు ఐఎస్ఐ, ఐరోపాలో వాడే ఈసీఈ, అమెరికా వారి డాట్ లాంటివి. ఈసీఈ వారి కొత్త ప్రమాణం 22.06లో నేరుగా తగిలే దెబ్బతో పాటు, తల ఏటవాలుగా నేలను తాకినప్పుడు మెదడును మెలితిప్పే దెబ్బను కూడా కొలుస్తున్నారు. ముఖమంతా కప్పేది తీసుకోండి. పడేటప్పుడు గడ్డానికీ దవడకీ తగిలే దెబ్బలు తక్కువేం కాదు. సగం తల కప్పే టోపీలాంటి హెల్మెట్ వాటికి ఏమీ చెయ్యలేదు.

ఇక ఆయన వాదనలు. వాటన్నిటికీ మీరు జవాబు చెప్పాల్సిన పని లేదు, కానీ మీ మనసులో తెలిసి ఉండాలి.

పది నిమిషాల దూరం అన్న మాట దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ మందిని మోసం చేసేది ఇదే. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు తన బృందంతో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చాడు. ప్రమాదాలు ఎక్కువగా చిన్న చిన్న ప్రయాణాల్లో, బయలుదేరిన కాసేపటికే, బయలుదేరిన చోటికి దగ్గర్లోనే జరిగాయి. ఢీకొన్న క్షణంలో సగం బళ్ళ వేగం గంటకు 35 కిలోమీటర్ల లోపే ఉంది. ప్రమాదం ఖాయమైన క్షణానికీ ఢీకొనడానికీ మధ్య ఉన్నది రెండు సెకన్ల లోపు. పోలీసులు కనిపించినప్పుడు హెల్మెట్ తలకెక్కించడానికి ఆయనకు సమయం ఉంటుంది. ఆ రెండు సెకన్లలో ఉండదు.

మెడ సంగతి చాలామంది నిజంగానే నమ్ముతారు కాబట్టి దాన్ని కొట్టిపారేయకండి. 1980లలో ఆ అనుమానం వ్యక్తం చేసిన విశ్లేషణ ఒకటి ఉంది. 2011లో అమెరికాలో దాదాపు 40 వేల మంది క్షతగాత్రుల వివరాలు పరిశీలిస్తే, హెల్మెట్ ఉన్నవాళ్ళలో మెడ వెన్నుపూసకు గాయమయ్యే అవకాశం 22 శాతం తక్కువని తేలింది. తల సంగతికొస్తే, ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష హెల్మెట్ వల్ల మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తల గాయం ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతున్నట్టు అంచనా వేసింది. 42 శాతమే అంటే, హెల్మెట్ పెట్టుకున్నా పోయేవాళ్ళు ఉంటారన్నమాట. దాన్ని దాచొద్దు. ఆయన రేపు అలాంటి ఒక ఉదాహరణ తెచ్చి చూపిస్తే అవును, నిజమే అనండి.

హారన్ వినపడదన్నది పాక్షికంగా నిజం. హెల్మెట్ హారన్ చప్పుడును తగ్గిస్తుంది, గాలి హోరునూ దాదాపు అంతే తగ్గిస్తుంది. వేగంగా వెళ్తున్నప్పుడు వట్టి చెవులను ముంచేసేది ఆ గాలి హోరే. అమెరికాలో దీన్ని పరీక్షించినప్పుడు హారన్ గుర్తించడంలో హెల్మెట్ అడ్డు కాలేదని తేలింది. పక్క చూపు కొద్దిగా తగ్గుతుంది, దానికి తల మరి కాస్త తిప్పితే సరిపోతుంది. ఆయన హెల్మెట్ అద్దం గీతలు పడి ఉంటే మాత్రం, రాత్రిపూట ఎదురు లైట్లకు ఏమీ కనపడదనే ఫిర్యాదు న్యాయమైనదే. అద్దం మార్చుకోవాలి. నల్ల అద్దం రాత్రి వద్దు.

ఫైన్ల కోసమే ఈ చట్టం అంటున్నారు కాబట్టి ఒక కథ చెబుతాను. 1935 మే 13న ఇంగ్లండ్‌లో టీ.ఈ. లారెన్స్, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో అరేబియా లారెన్స్‌గా పేరు పొందిన బ్రిటిష్ సైనికాధికారి, దగ్గర్లోని పోస్టాఫీసుకు వెళ్ళి టెలిగ్రామ్ ఇచ్చి బైక్ మీద ఇంటికి తిరిగి వస్తున్నాడు. బండి నడపడంలో చెయ్యి తిరిగినవాడు. ఎదురుపడిన ఇద్దరు సైకిల్ కుర్రాళ్ళను తప్పించబోయి, ఇంటికి చేరువలోనే పడిపోయాడు. తల మీద ఏమీ లేదు. ఆరు రోజుల తర్వాత, 46వ ఏట, స్పృహ రాకుండానే పోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఉన్నాడు. తర్వాత ఆయన బైక్ ప్రమాదాల్లో తలకు తగిలే గాయాలను పట్టుదలగా పరిశీలించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం విధుల్లో బైక్ నడిపే సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ దేశంలో చట్టం వచ్చింది 1973లో. కెయిర్న్స్ 1952లోనే చనిపోయాడు. ఆయన దాన్ని చూడలేదు. ఈ చట్టాల వెనక ఉన్నది ఒక డాక్టరు, ఆయన ముందు పడుకోబెట్టిన రోగులు.

ఫైన్ లేకుండా చట్టం ఉంటే ఏమవుతుందో కూడా ఒక దేశం చూసింది. పశ్చిమ జర్మనీ 1976లో హెల్మెట్ తప్పనిసరి అంది, పెట్టుకోకపోతే జరిమానా మాత్రం 1980లోనే తెచ్చింది. అప్పుడు పెట్టుకునేవాళ్ళు బాగా పెరిగారు. విచిత్రంగా బైక్ దొంగతనాలూ తగ్గాయి, 1980లో లక్షన్నరకు పైగా ఉన్నవి 1986కల్లా దాదాపు మూడో వంతుకు. తల మీద ఏమీ లేకుండా ఎత్తుకుపోయేవాడు వెంటనే పోలీసు కంట్లో పడతాడు మరి. ఫైన్ వట్టి బెదిరింపే అయినా ఆ బెదిరింపు ప్రాణాలు నిలిపింది. దాన్ని తప్పు పట్టలేను.

"నా తల, నా ఇష్టం" అన్నది వీటన్నిటిలోకీ బలమైన మాట. దాన్ని తేలిగ్గా తీసుకోను. అమెరికాలో 1969లో ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ వాదనను ఒప్పుకుని హెల్మెట్ చట్టాన్ని కొట్టేసింది కూడా. కానీ 1972లో మసాచుసెట్స్‌లో ఇదే మాట అన్న ఒక బైకర్‌కు ఫెడరల్ కోర్టు వేరే జవాబు ఇచ్చింది. పడిన క్షణం నుంచి అతన్ని రోడ్డు మీద నుంచి ఎత్తేది సమాజం, ఆసుపత్రికి చేర్చేది సమాజం, కోలుకోలేకపోతే అతన్నీ అతని కుటుంబాన్నీ చూడాల్సిందీ సమాజమే కదా, ఇది అతనొక్కడి విషయం ఎలా అవుతుందని ఆ తీర్పు సారాంశం. దేశ సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. నేను ఈ రెండో తీర్పు వైపు ఉన్నాను. అయితే మీ ఇంట్లో కోర్టు భాష వద్దు. తలకు గట్టి దెబ్బ తగిలి బతికినవాళ్ళకు అన్నం తినిపించేది, స్నానం చేయించేది, వాళ్ళ పేరు వాళ్ళకు గుర్తు చేసేది ఇంట్లో వాళ్ళే. ఆ చేతులు మీవి. ఆ మాట ఒక్కసారి, గొంతు పెంచకుండా, చెప్పే హక్కు మీకుంది.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా ఉండే విషయం. మీ తల మీదా హెల్మెట్ లేదు. వెనక కూర్చున్నవాళ్ళకు పట్టుకోవడానికి హ్యాండిల్ ఉండదు, బ్రేకు ఎప్పుడు పడుతుందో ముందుగా తెలియదు. పడితే నడిపేవాళ్ళ కంటే తేలిగ్గా ఏమీ పడరు. మీరు హెల్మెట్ కొనుక్కుని, పట్టీ బిగించుకుని, ఏమీ అనకుండా బండెక్కండి. మీ నోటి మాటల కంటే ఆ పట్టీ టక్కుమన్న చప్పుడు ఆయనకు బాగా వినపడుతుంది. మీ హెల్మెట్ కూడా మీ తలకు సరిపోవాలి. జడ, ముడి వల్ల పైకి లేస్తూ ఉంటే జుట్టు కిందకి వేసుకోండి.

బాబును మాత్రం ఇవాళ్టి నుంచే ట్యాంకు మీద నుంచి దింపండి. దీనికి కొత్త హెల్మెట్ వచ్చేదాకా కూడా ఆగొద్దు. ముందు కూర్చున్న పిల్లవాడు ప్రమాదంలో హ్యాండిల్‌కీ వెనక పెద్దమనిషి బరువుకీ మధ్య నలిగిపోతాడు. కూర్చోవాల్సింది వెనక, అదీ కాళ్ళు ఫుట్‌రెస్టులకు అందితేనే, తన తలకు సరిపోయే పిల్లల హెల్మెట్‌తో. పెద్దవాళ్ళది పెడితే అది కళ్ళ మీదికి జారుతుంది, పడినప్పుడు ఎగిరిపోతుంది. బైక్ ఇద్దరి కోసం చేసిన బండి. ముగ్గురూ వెళ్ళాల్సిన రోజు వేరే దారి చూసుకోమనే చెబుతాను. ఇబ్బందని తెలిసే చెబుతున్నాను. వియత్నాంలో 2007 డిసెంబర్ 15 నుంచి హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు పెద్దవాళ్ళంతా దాదాపు ఒక్కసారిగా పెట్టుకున్నారు. పిల్లల తలలు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయాయి. పిల్లల విషయంలో ఫైన్ వేసే వీల్లేకపోయింది, పైగా మెడకు బరువని తల్లిదండ్రులు భయపడ్డారు. తండ్రి తల మీద హెల్మెట్, ముందు కూర్చున్న పసివాడి తల మీద గాలి. ఆ తల్లిదండ్రులకు పిల్లల మీద ప్రేమ తక్కువై కాదు.

ఎలా చెప్పాలని అడిగారు. బయలుదేరే ముందు గుమ్మం దగ్గర చెప్పకండి. ఆయనకు ఆలస్యమవుతూ ఉంటుంది, మీకు టెన్షన్‌గా ఉంటుంది, అక్కడ ఏ మాటా లోపలికి వెళ్ళదు. సెలవు రోజున, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, "ఆ హెల్మెట్ మీకు నుదుటి దగ్గర నొక్కుతోందన్నారుగా, అది మీ సైజు కాదట. మనిద్దరికీ బాబుకీ కొత్తవి చూద్దాం, మీరే ఎంచుకోండి" అనండి. లెక్కలు, కోర్టులు ఏవీ ఎత్తకండి. ఆయన అడిగితే చెప్పండి. తనకు నచ్చిన రంగు, తనకు సరిపోయిన ఆకారం తానే వెతుక్కున్న మనిషి దాన్ని మోచేతికి తగిలించుకుని తిరగడం తక్కువ. ఇంటికి వచ్చాక బండి తాళం హెల్మెట్ లోపల వేసే అలవాటు చేయండి. తాళం కావాలంటే హెల్మెట్ చేతిలోకి రావాలి. చెమట, దురద అంటే లోపల పల్చటి నూలు టోపీ వేసుకుని, విప్పగలిగే మెత్తలను తరచూ ఉతికితే చాలావరకు పోతుంది.

బాబు అన్న మాటకు మీరు ఆ రాత్రి బాధపడ్డారు. వాడిని కోప్పడకండి. వాడు చూసిందే చెప్పాడు. కొత్త హెల్మెట్లు వచ్చాక నాన్న పట్టీ సరిగ్గా బిగిసిందో లేదో రెండు వేళ్ళు పెట్టి చూసే పని వాడికి ఇవ్వండి. ఆరేళ్ళ పిల్లలు అలాంటి పనిని ఎంత నిష్ఠగా చేస్తారో మీకే తెలుసు. మీవారు ఎవరి మాట వినకపోయినా వాడు చెయ్యి చాపితే గడ్డం ఎత్తుతారు.

ఇక ఆ పాత హెల్మెట్. బాగానే ఉందనిపించినా ఎవరికీ ఇవ్వకండి, బయట అలాగే పడేయకండి, ఎవరైనా తీసుకుని పెట్టుకుంటారు. కత్తెరతో రెండు వైపులా పట్టీ కత్తిరించి, ఆ తర్వాత పారేయండి.